ఇంజన్‌కు బొట్టు

సెలవులకు గోవానా, అండమానా అని సిద్దిపేటలో ఇంటిల్లిపాదీ వాదించుకున్నాం. "సముద్రంల తోట ఉన్నదట, గాడికే పోదాం" అని మా అత్తమ్మ తేల్చేసింది.

అండమాన్‌లో అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కాం. కింద పగడాల తోట కనబడగానే అత్తమ్మ కొంగుముడి విప్పి, గంగమ్మకని తెచ్చిన పసుపు కుంకుమ నీళ్లలో వేయబోయింది. పడవ నడిపే పెద్దాయన గబుక్కున చేయి అడ్డం పెట్టాడు. మేమంతా అత్తమ్మ మొహంకేసి చూశాం. ఆమె మొక్కుకు అడ్డుపడినవాళ్లు మా ఇంట్లో లేరు.

"అవి రాళ్లు కావమ్మా, ప్రాణమున్నవి. వాటిమీద ఏమీ పడొద్దు" అన్నాడాయన హిందీలో.

"బతికున్నయా! జర ముందే చెప్పొద్దా అన్నా?" అంటూ అత్తమ్మ లేచి, కొత్త ట్రాక్టర్‌కు పెట్టినట్టు పడవ ఇంజన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది.

మరునాడు రేవులో అదే పడవ కనిపించింది. పెద్దాయన ఇంజన్‌ను తళతళా తుడిచాడు, ఆ బొట్టు చెరగకుండా.