విమానం కింద పాఠం

డైరీలో కూడా రాసుకోని సంగతి ఒకటుంది. నేను పాఠం చెప్పడం నేర్చుకున్నది విమానాల కింద.

శంషాబాద్‌లో, విమానాలు దిగే దారికి దగ్గరగా, ఒక ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రాలు డాబా మీద నిలబడి పడమటి వైపు చూసేదాన్ని. ఆకాశంలో దీపం ఒకటి కనిపించగానే గొంతు సవరించుకునేదాన్ని. విమానం చక్రాలు దించుకుని ఇళ్ళ మీదుగా వచ్చే ఆ కాస్తసేపు, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, ఉన్న గొంతంతా పెట్టి మాట్లాడేదాన్ని. చప్పుడు సన్నగిల్లగానే వాక్యం ఎక్కడుంటే అక్కడ ఆపేసేదాన్ని. తర్వాతి విమానం వచ్చేదాకా పిట్టగోడకు ఆనుకుని, వెంట తెచ్చుకున్న నవల చదువుకునేదాన్ని.

అప్పటికే నేను సర్జన్‌ని. కత్తి పట్టుకుంటే నా చేయి వణకదు. వణికేది గొంతే. నలుగురు నావైపు చూస్తే చాలు, మాట నాలుక దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వంటింట్లోకి జారుకునేదాన్ని. "మా అమ్మాయి నోరు విప్పాలంటే ముహూర్తం పెట్టించాలండీ" అని మా అమ్మ వాళ్ళకు సర్ది చెప్పేది.

అయినా నాకు పాఠం చెప్పాలని ఉండేది. చదివినది ఇంకొకరికి చెప్పకపోతే అది నాకు పూర్తిగా దక్కినట్టు ఉండదు. చెప్పేందుకు మనిషి దొరక్క ఇన్నేళ్ళూ డైరీకే చెప్పుకున్నాను. శంషాబాద్ రాకముందు ఇంకో కాలేజీలో ఇంటర్వ్యూకి వెళితే, నాచేత చిన్న పాఠం చెప్పించుకుని, "చేతి పని బాగుంటుందని విన్నాం. మాట మాత్రం మొదటి బెంచీ దాటడం లేదమ్మా" అని పంపించేశారు. శంషాబాద్‌లోని ఈ బోధనాసుపత్రి ఆ మాట అనకుండానే తీసుకుంది. ఇక్కడ కూడా గొంతు పెగలకపోతే పాఠాల ఆశ వదిలేసుకుని, బుద్వేల్‌లో నాన్నకు తెలిసినవాళ్ళ నర్సింగ్‌హోమ్‌లో చేరిపోవాలని నాలో నేనే తీర్మానించుకున్నాను. అక్కడ ఆపరేషన్లు ఉంటాయి. ఎదురుగా నిలబడి వినే విద్యార్థులు ఉండరు.

మా ఇంటి యజమానురాలు పెద్దావిడ. కొడుకులు, కోడళ్ళు, మనవలతో కింద వాటాలో ఉంటుంది. సాయంత్రమైతే డాబాకు వెళ్ళే మెట్ల మీద చేట పెట్టుకుని కూర్చుని, బియ్యం ఏరుతూ ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతుంటుంది. విమానం ఇంటి మీద నుంచి పోతున్నా ఆ మాటలు ఆగవు, స్వరం కూడా పెరగదు. నేను గదిలో చేరిన రోజు ఆకాశం చూపించి, "గివన్నీ మా జొన్న చేన్ల దిగుతయి బిడ్డా. కిరాయి మాత్రం ఒక్కటీ ఇయ్యదు" అని నవ్వింది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పలకరిస్తే తల ఊపడం, నవ్వడం, అంతకు మించి మా మధ్య పెద్దగా మాటలు నడిచేవి కావు.

కొత్తగా చేరిన సర్జన్లకు ఆసుపత్రి స్వాగత సభ పెట్టింది. శాలువా, కుండీలో చిన్న మొక్క, ఒక్కొక్కరికీ "రెండు మాటలు". ఎముకల విభాగంలో నాతోపాటు చేరినతను ముందు లేచాడు. "మాకు సుత్తి, రంపం అలవాటండీ. మైకుతో పనిలేదు" అని దాన్ని పక్కన పెట్టి హాలంతా నవ్వించాడు. తర్వాత నా వంతు. అందరికీ నమస్కారం అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. ఊపిరి తీసుకుందామని ఆగాను. అదే ముగింపు అనుకుని అందరూ చప్పట్లు కొట్టేశారు. నేను అనుకుని వచ్చింది ఇంకా మొదలే కాలేదు. చప్పట్ల మధ్య నిలబడి మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం లేక కూర్చుండిపోయాను.

"అందరిలోకీ మీ స్పీచే బాగుంది మేడమ్. టీ చల్లారకముందే అయిపోయింది" అన్నాడు ఎముకల డాక్టరు, సమోసా అందిస్తూ. మంచి మనసుతోనే అన్నాడు. నేనూ నవ్వాను. బుద్వేల్ మాత్రం ఒక అడుగు దగ్గరికి జరిగినట్టనిపించింది.

టీ తాగుతుంటే మా విభాగాధిపతి వచ్చారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ మనిషి. చదువుకునే పిల్లలను కూడా మీరు అనే పిలుస్తారు.

"సభల్లో చెప్పినవి ఎవరికీ గుర్తుండవమ్మా. మన డిపార్టుమెంటు స్వాగతం రేపు పొద్దున. హెర్నియా కేసు ఒకటుంది. మీరు చేస్తారు, నేను మీకు అసిస్టెంటుని" అన్నారు.

వినడానికి బాగానే ఉంది. అసలు సంగతి ఆపరేషన్ థియేటర్ చూసుకునే సిస్టరు చెబితే తెలిసింది. ఆవిడది ఈ చుట్టుపక్కల ఊరే. ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకుంటుందట, ఆ కంచుగొంతు వార్డు దాకా వినపడుతుంది.

"కొత్తగొచ్చినోళ్ళ తొలి కేసుకు సార్ గిట్లనే ఎదురుంగ నిలబడ్తడు మేడమ్. మీరు అడిగింది చేస్తడు. అడగంది చెయ్యడు. పోయినసారి వచ్చినాయన 'దారం కొయ్యండి సార్' అననీకి సిగ్గుపడి అన్ని దారాలు తనే కోసుకుండు. సార్ బొమ్మ తీరు నిలబడ్డడు గని, కత్తెర ముట్టలే."

"ఎందుకలా?" అన్నాను.

"ఏమో మేడమ్. దేవుడు గూడ అడిగితేనే ఇస్తడు గద."

పైగా చుట్టూ విద్యార్థులు ఉంటారు. చేస్తున్నది వాళ్ళకు చెబుతూ చేయాలి.

ఆ సాయంత్రం నవల పట్టుకోకుండానే డాబా ఎక్కాను. తాడు మీద పెద్దమ్మ ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక లంగా నడుము మడతలోంచి నాడా వేలాడుతోంది. దాన్నే చూస్తూ ఉంటే పాఠం దొరికింది. మొదటి విమానం రాగానే నాడా కొస పట్టుకుని మొదలుపెట్టాను. "పిల్లలూ, గజ్జల దగ్గర మన పొట్ట గోడలో ఇలాంటి మడత ఒకటుంది. మగవాళ్ళలో దానిలోంచి ఒక నాళాల కట్ట, ఈ నాడాలాగా, కిందికి వెళుతుంది. నాడా మాత్రమే వెళ్ళాలి. మడత వదులైపోయిందనుకోండి, ఆ సందులోంచి లోపల ఉండాల్సిన పేగు బయటికి జారుతుంది. అదే హెర్నియా. ఇప్పుడు జారిన పేగును మనం..." అంతలో విమానం ఎయిర్‌పోర్టు గోడ అవతలికి దిగిపోయింది. నేను ఆగిపోయాను. చీకటి పడి దోమలు మొదలవడంతో గదిలోకి వచ్చేశాను.

మర్నాడు పొద్దున బల్ల మీద పడుకున్నాయన జల్‌పల్లిలో తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్ముతాడు. బండి తోసీ తోసీ హెర్నియా పెరిగింది. నడుము కింద మొద్దుబారేలా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు. మెలకువగానే ఉన్నాడు. ఛాతీ దగ్గర అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అటువైపు ఆయన ముఖం, ఇటువైపు మేము. ఎదురుగా మా సారు, రెండు చేతులూ రోగి మీద కప్పిన గుడ్డపై ఆనించి నిలబడ్డారు. కాళ్ళ వైపు విద్యార్థులు పీటలెక్కి మెడలు చాచారు.

కోత పెట్టేదాకా ఏ ఇబ్బందీ లేదు. అరచేయి చాపితే సిస్టరు కావలసింది పెట్టేది. లోపలి పొర తెరిచాక ఇంకో మనిషి చేయి కావాలి. గాయం అంచును ఒక కొక్కెంతో పక్కకు లాగి పట్టుకుంటే గానీ అడుగు కనిపించదు. సారు చేతులు అక్కడే ఉన్నాయి, నా చేతికి జానెడు దూరంలో. కళ్ళెత్తి చూశాను. ఆయన కూడా మాస్కు పైనుంచి ప్రశాంతంగా నన్నే చూశారు. అడగాలనుకున్నాను. నోరు రాలేదు. కొక్కెం నా ఎడమ చేత్తోనే పట్టుకుని కుడిచేత్తో పని సాగించాను. నాళాల కట్ట పట్టు తప్పి జారింది. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ జారింది. నా మోచేయి అడ్డమై విద్యార్థులకు ఏమీ కనిపించడం లేదని తెలుస్తూనే ఉంది.

గుడ్డకు అటువైపు నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఎవ్వలు మాట్లాడ్తలేరేంది? ఏమన్న తేడ అయ్యిందా?"

అందరూ నావైపు చూశారు. కేసు నాది. చెప్పాల్సింది నేనే.

"అమ్మా, ఉన్నరా ఆడ? నన్ను ఇడిచిపెట్టి పోయిండ్రా?"

మత్తు డాక్టరు తెర మీద గుండె వేగం చూసి, "భయపడుతున్నాడు మేడమ్" అన్నాడు.

అంతవరకు నా గొంతు నా ఇబ్బందే అనుకున్నాను. నేను మాట్లాడకపోతే ఇంకో మనిషి గుండె అదురుతుందని ఎప్పుడూ అనుకోలేదు. అదే సమయంలో భవనం పైన విమానం మూలిగింది. థియేటర్ గోడల్లోంచి ఆ చప్పుడు దుప్పట్లో చుట్టినట్టు వస్తుంది. అలవాటు కొద్దీ నా గొంతు దానంతట అదే సవరించుకుంది.

"ఇక్కడే ఉన్నా బాపూ! ఎక్కడికీ పోలేదు. అంతా బాగానే ఉంది" అన్నాను.

అన్నాను అనడం తక్కువ. అరిచాను. పీట మీద ఒక విద్యార్థి ఉలిక్కిపడ్డాడు. సిస్టరు కళ్ళు నవ్వాయి.

"సర్, ఈ కొక్కెం పట్టుకోండి. మీ వైపు లాగండి. ఇంకొంచెం."

సారు చేయి వెంటనే కదిలింది. గాయం అడుగు పుస్తకంలో బొమ్మలా తెరుచుకుంది. ఇక ఆగలేదు. డాబా మీది లంగా, నాడా, వదులైన మడత, అన్నీ వరసగా వచ్చేశాయి. నాళాల కట్టను ఎత్తి చూపించాను. పక్కన ఉబ్బిన సంచిని విడదీసి, "ఇందులోకే పేగు జారుతోంది. దాన్ని లోపలికి నెట్టి, వదులైన చోట వల గుడ్డ అతుకు వేస్తాం. చిరిగిన దోమతెరకు వేసినట్టే" అన్నాను. విమానం ఎప్పుడు వెళ్ళిపోయిందో గమనించలేదు. నా గొంతు మాత్రం గదిలో అలాగే వినపడుతోంది.

"గంతేనా!" అన్నాడు గుడ్డ అవతలి నుంచి పళ్ళాయన. "లంగల నాడ ఎక్కించుడు నాకు గూడ ఒస్తది డాక్టరమ్మా. మా ఇంట్ల గది నా పనే."

థియేటరంతా నవ్వింది. సారు భుజాలు కదిలాయి. కొక్కెం మాత్రం కదల్లేదు.

"సర్, దారం కొయ్యండి" అన్నాను.

"చిత్తం" అన్నారు సారు.

పని ముగిశాక చేతులు కడుక్కుంటుంటే ఆయన నా పక్కన నిలబడ్డారు. "పెద్దవాళ్ళను అడగడానికి జంకే సర్జన్, అడిగి తీరాల్సిన చోట కూడా అడగడమ్మా. అప్పుడు బల్ల మీద ఉన్నవాడికి నష్టం. ఆ జంకేదో మొదటి రోజే నా మీద పోగొట్టుకోండని ఈ పద్ధతి పెట్టాను" అన్నారు. చేతులు తుడుచుకుంటూ, "ఎల్లుండి క్లాసు మీదే. నాడాతోనే మొదలుపెట్టండి" అని వెళ్ళిపోయారు.

వార్డులోకి మార్చాక పళ్ళాయన దగ్గరికి వెళ్ళాను. "నువ్వు మాట్లాడుతుంటే నాకు నిద్రొచ్చింది బిడ్డా" అన్నాడు. నేను అందుకున్న శాలువా కంటే ఆ మాట వెచ్చగా ఉంది.

సాతంరాయి మీదుగా వచ్చే షేర్ ఆటోలో ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పెద్దమ్మ ఎప్పటిలాగే మెట్ల మీద చేట ముందు కూర్చుని ఉంది. ఆ రోజు నాకు డాబాతో పనిలేదు. గది వైపు తిరిగాను.

"బిడ్డా, ఇయ్యాల డాబ మీదికి పోవా?" అంది.

అప్పుడే తల మీద నుంచి విమానం వచ్చింది. నేను పై ప్రాణాలు పైనే పోయినట్టు నిలబడిపోయాను. "మీకు... వినపడేదా పెద్దమ్మా? విమానం చప్పుడులో?" అని అడిగాను. నా మాట నాకే సరిగ్గా వినపడలేదు.

ఆమె చేటలోంచి తల కూడా ఎత్తలేదు, గొంతూ పెంచలేదు.

"విమానాలు మాకేడ ఇనపడ్తయి బిడ్డా, రోజు ఇనీ ఇనీ. నీ మాటే ఇనపడ్తది. నిన్న నా లంగ నాడ పట్టుకొని పేగు బయటికి జారిందంటివి, సగంల ఆపితివి. నాకు రాత్రంత గదే పరేషాన్. కూసో, ఇగ చెప్పు, గా పేగు లోపటికి పోయిందా లేదా?"