ఆ సమ్ చెప్పిన నిప్పు సామెతలు

బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా వీధి చివర మాంసం ముక్కలు కాల్చే సాతే బండివాడు విసనకర్రతో బొగ్గులు విసిరినప్పుడల్లా ఆ పొగ నా గొంతులోకి దిగుతుంది. ఆ సమ్ గుర్తొస్తుంది. వెంటనే అప్ప మీద అసూయ పుడుతుంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

చీనావాళ్ళు పిన్నిని ఆ సమ్ అంటారు; ఆ చీనా ఆవిడను మేమూ అలాగే పిలిచేవాళ్ళం. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో పొగగది చూసుకునే పని ఆమెది. రబ్బరు షీట్లు ఆరే ఆ గదిలో మంట ఎగరకూడదు, ఆరనూ కూడదు. మా అక్క సూరమ్మ, అంటే మా అప్ప, నేనూ ఆమె దగ్గర పనికి కుదిరాం. కట్టెలు, బూడిద, మసి నావి. అప్ప గుమ్మం బయట కూర్చుని షీట్లు ఏరేది. ఆ సమ్ మలయ్ భాషలో ఆమెకు చీనా సామెతలు చెప్పేది. "దూరపు నీళ్ళు దగ్గరి మంటను ఆర్పవు. ఎక్కడో ఉన్న చుట్టం కన్నా పక్కింటివాళ్ళే ఆదుకుంటారు." ఇంకోరోజు, "అవతలి గట్టున నిలబడి మంట చూసేవాళ్ళుంటారు. ఒకరి కష్టం వాళ్ళకు వేడుక." లోపల నాకు సగమే వినబడేవి. దారిలో అడిగితే అప్ప మలయ్‌వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి నవ్వేది. "నీకెందుకు లా? నాకు సెప్పింది కదేటి!"

తెల్లదొరల పాలనలో ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని చీనావాళ్ళను ముళ్ళకంచెల మధ్య కొత్త ఊళ్ళకు తరలించారు. లారీ ఎక్కుతూ కూడా ఆ సమ్ అప్ప చెయ్యే పట్టుకుంది. "కోట గుమ్మం అంటుకుంటే కందకంలో చేపలు చస్తాయి" అంది. మంట ఆర్పడానికి నీళ్ళన్నీ తోడేస్తారు కదా, ఏ పాపమూ తెలియనివాళ్ళే నలిగిపోతారని. నాతో మాత్రం, "ఎడమ పొయ్యి చూసుకో" అంది, అంతే. ఆమె చెప్పి వెళ్ళిందట, తోట దొర పొగగది నాకే అప్పగించాడు. ఆ జీతమే మా ఇంటిని నిలబెట్టింది.

మెర్దెకా నాడు, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజు, తోటంతా రేడియో చుట్టూ చేరింది. అప్ప ఆ సామెతలన్నీ చెప్పి అందరిచేతా ఆహా అనిపించుకుంది. నాకు కడుపు మండిపోయింది. మర్నాడే బస్సెక్కి ఆ కొత్త ఊరికి వెళ్ళాను.

"అప్పకు అన్నీ చెప్పావు. నాకు ఒక్కటీ చెప్పలేదేం?"

ఆ సమ్ తెల్లబోయింది. "దానికి నిప్పంటే భయం. గుమ్మం దాటేది కాదు. పారిపోకుండా కబుర్లు చెప్పాను. నీకు నిప్పే ఇచ్చాను కదా!"

మెచ్చుకోలే అది. అయినా నాకు మాటలే కావాలనిపించింది. ఆమె నా ముఖంలోకి చూసి పకపకా నవ్వింది. "కాగితంలో నిప్పును మూటకట్టలేం. ఎంత దాచినా బయటపడుతుంది" అంది.

ఇప్పటికీ అప్ప ఫోన్ చేసి అడుగుతుంది, "ఆ రోజు ఆ సమ్ నీతో ఏటన్నాది?" అని.

"ఏటీ అన్లేదు లా" అంటాను.