పిడికిట్లో పట్టే చార్జర్

అనంతపురంలో చార్జర్ కొనేవాళ్లందరూ ఎన్ని వాట్లని అడుగుతారు. కొట్లో నా పక్కన నిలబడిన ఆమె మాత్రం ఒక్కొక్కదాన్నీ పిడికిట్లో పెట్టుకుని, వేళ్లు మూసి, బయటికి ఏమైనా కనబడుతోందా అని చూసుకుంది. బ్లీచింగు నీళ్లకు తోలు ఊడిన వేళ్లవి.

ఆమె కువైట్‌కు మళ్లీ ఇంటిపనికి పోతోంది. నేను ఆఫీసు పని మీద లండన్ పోతున్నాను. రెండుచోట్లా మూడు పలక పిన్నుల ప్లగ్గులే కాబట్టి, కొట్టతను ఇద్దరి ముందూ ఒకే పెట్టె తెరిచాడు.

"ఏమ్మా, చార్జర్ కొంటాండావా, కోడిగుడ్డు కొంటాండావా?" అన్నాడు. నేను గట్టిగా నవ్వాను.

ఆమె కోపపడలేదు. "పోయినసారి పెద్దది తీసకపోయినా అన్నా. ట్యాబ్ బట్టల కింద దాచిపెట్టినా గానీ, గోడకుండే చార్జర్ మేడమ్ కంట్లో పడింది. దాన్ని గుంజుకునింది. నాలుగు నెలలు వీడియోలో గూడా నా బిడ్డ మొగం చూడలేదు."

మళ్లీ పిడికిలి మూసింది. బొటనవేలి పక్కన తెల్లటి మూల కనబడింది.

"ఇంతకన్నా చిన్నది లేదా అన్నా?"

"ఒగటే ఉన్నింది. ఈ సార్ తీసుకున్నాడు."

ఆమె నా చేతిలోని సంచి వైపు చూసింది. ల్యాప్‌టాప్‌కూ ట్యాబ్‌కూ ఒక్కటే చాలు, సంచి తేలిక. నాకున్న అవసరం అంతే. జిప్పు మూశాను.

ఇక్కడ లండన్‌లో ఆ చార్జర్ ఆఫీసు బల్ల మీద అందరికీ కనబడేలా పడి ఉంటుంది. మొన్న పిడికిట్లో పెట్టుకుని వేళ్లు మూసి చూశాను. ఏమీ బయటికి కనబడలేదు.