నలభై ఒక్క చోట్ల వక్రీకరణ

ఆమెను ప్రెస్సులో అందరూ పొల్లు మేడమ్ అనేవారు. పాఠ్యపుస్తకాలు వేసే ఆ ప్రెస్సులో ఇరవై ఆరేళ్లు ప్రూఫులు దిద్దింది. వత్తు జారినా, పొల్లు ఎగిరిపోయినా ఆమె కంట పడకుండా పోయేది కాదు. కింద మెషిన్లు తిరుగుతుంటే మేడమీద ఆమె బల్ల వణికేది. ఎడమచేత్తో కాగితాన్ని అదిమిపట్టి కుడిచేత్తో దిద్దేది. ఇప్పటి ఎడిటరు కూడా దిద్దుబాటు గుర్తులన్నీ ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాడు. ఆమెను అక్కా అని పిలిచేవాడు. కుర్చీ మారినా ఆ పిలుపు మారలేదు.

ఆ ఏడాది ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం ఆఖరి ప్రూఫు చూస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. 'కాంతి వక్రీభవనం' అనే పాఠం కాస్తా 'కాంతి వక్రీకరణ' అయి కూర్చుంది. లోపల కూడా అదే తంతు. లెక్కపెడితే నలభై ఒక్క చోట్ల. అన్నీ కొట్టేసి, పక్కన సరైన మాట రాసి, కట్ట పట్టుకుని ఎడిటరు గదికి వెళ్లింది.

"నేనే మార్పించానక్కా," అన్నాడతను నవ్వుతూ. "భవనం అంటే పిల్లలు బిల్డింగ్ అనుకుంటారు. వంకర బిల్డింగ్ మీద పాఠమేంటని నవ్వుతారు. అయినా రెండూ వంకరే కదా!"

"రెండూ ఒకటెలా అవుతాయి? ఇక్కడ భవనం అంటే అవడం. కరణం అంటే చేయడం. వెలుతురు గాల్లోంచి నీళ్లలోకి ఏటవాలుగా దిగేటప్పుడు దాని దారి వంగుతుంది. ఎవరూ పట్టుకుని వంచరు. అది వక్రీభవనం. నువ్వన్న మాటను నేను ఇంకోలా తిప్పి చెప్పాననుకో, అది వక్రీకరణ. వార్తను వక్రీకరించారంటాం. వెలుతుర్ని అంటామా?"

"మీతో వాదించి గెలవగలనా! అక్కడ పెట్టండి, నేను చూసుకుంటా."

ఆమె కట్ట అతని బల్లమీద పెట్టి వచ్చేసింది.

పుస్తకం అచ్చయి వచ్చింది. నలభై ఒక్క చోట్లా వక్రీకరణే. టీచర్ల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పేపర్లో ఎగతాళిగా ఓ వార్త కూడా వేశారు. మేనేజరు ఇద్దరినీ పిలిచాడు.

"ఆఖరి ప్రూఫు చూసింది అక్కే సార్," అన్నాడు ఎడిటరు, ఆమె వైపు చూడకుండా.

"నేను దిద్దిన కట్ట తెప్పించండి," అందామె.

"పాత కాగితాలతో పాటు వెళ్లిపోయింది సార్."

ప్రూఫులు ఏడాదిపాటు దాచాలన్నది ప్రెస్సులో నియమం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. మేనేజరు ఫ్యాను కేసి చూస్తూ, "తప్పు జరిగిందని రాసిచ్చెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది. లేదంటే ఉద్యోగానికే ఎసరొస్తుంది," అన్నాడు.

ఆమె భర్త మెట్ల మీంచి పడి నడుం విరిగి ఏడాదిగా మంచంలో ఉన్నాడు. క్షమాపణ పత్రం ఎడిటరే టైపు చేయించి తెచ్చాడు. 'నా నిర్లక్ష్యం వల్ల' అన్నచోట 'నిర్లక్షం' అని పడింది. ఆమె చెయ్యి ఊరుకోలేదు. య వత్తు పెట్టి, ఆ తర్వాత కింద సంతకం చేసింది.

మర్నాటి నుంచి ఆమెను కింద ప్యాకింగ్‌లో వేశారు.

ఆమె కూతురు అప్పుడు ఎనిమిదో తరగతే. అర్ధ సంవత్సర పరీక్షలో తల్లి చెప్పినట్టు వక్రీభవనం అని రాసింది. టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేసింది. తల్లి ఆ పేపరు తీసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని స్కూలుకు వెళ్లింది.

"మీ అమ్మాయి రాసింది కరెక్టేనండీ," అంది టీచరమ్మ. "కానీ పేపర్లు దిద్దడానికి మాకిచ్చిన జవాబులు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. దానికి తేడాగా ఉంటే మార్కు వెయ్యడానికి లేదు. నన్నడిగితే తప్పంతా ఆ ప్రూఫులు దిద్దిన ఆవిడది. తానే ఒప్పుకుని రాసిచ్చిందట కూడా. పిల్లల పుస్తకమన్న ఇంగితం ఉండొద్దూ!"

కూతురు తల్లి మొహంలోకి చూసింది. తల్లి పేపరు మడిచి, "వస్తామండీ," అంది.

రోడ్డు మీదికి రాగానే కూతురు ఆగిపోయింది. "నువ్వు దిద్దావుగా అమ్మా! ఆవిడకెందుకు చెప్పలేదు?"

"సంతకం పెట్టానే తల్లీ."

"ఎందుకు పెట్టావ్?"

నాన్న మందుల మాట నోటిదాకా వచ్చింది. ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టబుద్ధి కాలేదు. "బస్సొచ్చింది, పద," అంది. బస్సులో ఆమె పక్కన చోటున్నా కూతురు వెనక సీట్లో కూర్చుంది.

మరుసటి ఏడు కొత్త ముద్రణ వచ్చింది. పాఠం పేరు సరిగ్గా ఉంది. ముందుమాటలో, 'ఈ పొరపాటును గుర్తించి సవరించిన మా ఎడిటరుకు కృతజ్ఞతలు' అని వేశారు. ఆమె యాభై పుస్తకాల చొప్పున కట్టలు కడుతుంటే ఎడిటరు కిందికి దిగివచ్చాడు.

"చూశారా అక్కా, ఈసారి ఒక్క తప్పు లేదు."

"ఉంది. ముందుమాటలో."

అతను గాభరాగా ఒక పుస్తకం లాగి, వేలు పెట్టి వరసవరసా చదివాడు. "ఏ లైను?"

ఆమె పురికొస తెంపి ఇంకో కట్ట అందుకుంది. అతను మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ కృతజ్ఞతల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం దొంతర మీద పడేసి మెట్లెక్కిపోయాడు.

ఆమె అక్కడే ఇంకా నాలుగేళ్లు పనిచేసి రిటైరైంది. అతను మళ్లీ ఆమెను అక్కా అని పిలవలేదు. ముందుమాటను ఎవరూ దిద్దలేదు.