బరువుతో రమ్మన్న ఓబులేసన్న

ఈ ఉదయం మా ఫ్యాక్టరీ పరీక్ష గదిలో ఉన్నవి: అయిదు కొత్త సైకిళ్లు, ఒక టేపు, ఒక నూనె డబ్బా. ఉన్నవాళ్లు: డ్రాయింగు విభాగం నుంచి ఇద్దరు, నేను. కొత్త టైర్ల రబ్బరు వాసన, ఆరీ ఆరని రంగు వాసన కలిసి వచ్చాయి. ఆ వాసనకు నాకు అనంతపురంలోని సైకిళ్ల అంగడి, అక్కడి పెద్ద ఫిట్టరు ఓబులేసన్న గుర్తుకు వస్తారు.

పాలిటెక్నిక్ ముగిశాక, ఎనభై రెండులో, కంపెనీ నన్ను ఆ అంగడికి పంపింది. మా క్యాటలాగులో అప్పుడు అయిదు రకాలు ఉండేవి: రైతులకు రెండు కడ్డీల బరువు బండి, ఉద్యోగులకు మామూలు బండి, కాలేజీ వాళ్లకు తేలిక బండి, ఆడవాళ్లకు వంపు కడ్డీ బండి, పిల్లలకు చిన్నది. మనిషి ఎత్తు కొలిచి రకం చెప్పడం నా పని. ఓబులేసన్న పద్ధతి వేరు. ఎవరొచ్చినా, "నీ మోపు యాడుండాదప్పా? తెచ్చుకోని రా, ఎక్కి సూపించు" అనేవాడు. జనం తిట్టుకుంటూనే తెచ్చేవారు. పాల క్యాన్లు వచ్చేవి, శనక్కాయల మూటలు వచ్చేవి, మడకశిర వైపు నుంచి ఒకసారి రెండు గొర్రెపిల్లలు కూడా వచ్చాయి. ఒకాయన భార్యనూ ముగ్గురు పిల్లలనూ వెంటబెట్టుకొచ్చాడు.

"మీ అత్తను ఇడిచిపెట్టి వచ్చినావేమప్పా?" అన్నాడు ఓబులేసన్న.

"ఆయమ్మ ఎక్కితే నీ అంగడే కుంగిపోతాదన్నా!"

ఒకరోజు ఓబులేసన్న ధర్మవరం పోయినప్పుడు నర్సు లక్ష్మీదేవమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ఊరికి పోలియో చుక్కల మందు చేర్చాలి. "నడిచి పోతే ఐసు కరిగిపోతాది సార్. ఈ పొద్దే కావల్ల" అంది. మందు పెట్టె ఆసుపత్రిలో ఉంది. దాన్ని తెమ్మని చెప్పడం నాకు చాదస్తమనిపించింది. ఆమె ఎత్తు కొలిచాను, చీర చూశాను, వంపు కడ్డీ బండి ఇచ్చాను. క్యాటలాగు ప్రకారం అందులో తప్పేమీ లేదు.

మర్నాడు పదకొండు గంటలకు ఆమె బండిని నడిపించుకుంటూ అంగడికి వచ్చింది. మోకాలికి రక్తం. రాళ్ల దిగుడులో పెట్టె బరువుకు వెనక క్యారియరు వంగి చక్రానికి తగిలి, బండితో సహా పడిపోయిందట. పెట్టె మూత ఊడి సీసాలు పగిలాయి.

"నా మోకాలు పోతే పోనీ సార్. మందు పోయింది. మళ్లీ వచ్చే నెలకే ఇస్తారు."

అప్పటికి ధర్మవరం నుంచి తిరిగొచ్చిన ఓబులేసన్న నన్ను తిట్టలేదు. క్యారియరును సుత్తితో సరిచేసి, ఖాళీ పెట్టెలో మందు, ఐసు బరువుకు సరిపడా రాళ్లు నింపి, అదే బండికి కట్టాడు. "తల్లులు ఆడ కాసుకోని ఉంటారు. నువ్వే పోయి చెప్పిరా ఇంజినీరూ" అన్నాడు.

పోయాను. ప్రతి గుంతకూ ఎవరో వెనక నుంచి పట్టుకొని ఊపినట్టు బండి పక్కకు లాగింది. దిగుడులో రెండుసార్లు దిగి నడిచాను. ఊళ్లో బడి వసారాలో తల్లులు పిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు కరువు పని కూలి వదులుకుని వచ్చినవాళ్లు.

"మందు యాడప్పా?" అని అడిగింది ఒకామె, నా పెట్టె చూసి.

"పగిలిపోయింది. నర్సమ్మ తప్పు లేదు. బండి నేను ఇచ్చింది, బరువు చూడకుండా ఇచ్చినాను."

"సూసి ఇయ్యాల్సిన పని కాదా అది?" అంది ఆమె. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం ఓబులేసన్న, నేను ఆ వంపు కడ్డీ ఫ్రేముకు బరువు బండి వెనక చక్రం బిగించి, ఇరుసు దాకా దిగే మందమైన కాళ్లతో కొత్త క్యారియరు కట్టాం. క్యాటలాగులో అలాంటి బండి లేదు. లక్ష్మీదేవమ్మ నిండు పెట్టెతో వీధిలో మూడు చుట్లు తిరిగి వచ్చాకే ఆయన బండిని ఆమెకు వదిలాడు. తర్వాతి నెల మందు ఆ ఊరికి చల్లగా చేరింది.

ఇప్పుడు కొత్త నమూనాలను పరీక్షించడం నా ఉద్యోగం. ఆ బండి ఎక్కేవాళ్లు ఏం మోస్తారో డ్రాయింగు విభాగం వాళ్లను రాసి తెమ్మంటాను. ఆ బరువు కట్టి, రాళ్ల దారిలో నేనే తొక్కిన తర్వాత సంతకం చేస్తాను. డ్రాయింగు విభాగానికి నా మీద విసుగు, అది నాకు తెలుసు. కానీ ఆనాటి మధ్యాహ్నం బడి వసారా నుంచి చుక్కలు పడకుండా ఇళ్లకు పోయిన పిల్లలను లెక్కపెట్టాను. పంతొమ్మిది మంది.