రైఫిల్‌కు శుక్రవారం బొట్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో పనిచేసే దేనికైనా, మనిషికైనా మిషన్‌కైనా, నెత్తిన బొట్టు ఉండాల్సిందే. మాది స్టేషన్ ఘన్‌పూర్‌లో మగ్గాల ఇల్లు. ప్రతి శుక్రవారం అమ్మ తలంటుకుని మగ్గానికి, కుట్టుమిషన్‌కు, నాన్న బండికి, ఆఖరికి మిక్సీకి కూడా పసుపు కుంకుమలు పెట్టేది. (మిక్సీ చెడిపోయి మెకానిక్ దగ్గరికి పోతే అతను కూడా ఆ బొట్టు చెదరకుండానే విప్పి బిగించేవాడు.) హన్మకొండలో డిగ్రీ చదువుతూ షూటింగ్ జట్టులో చేరిన నేను, ఇంట్లో ప్రాక్టీసు చేసుకుంటానని ఎయిర్ రైఫిల్ ఒకటి తెచ్చాను. పిట్టల జోలికి పోనని అమ్మ నాతో ఒట్టు పెట్టించుకుంది. ఆ దసరాకు దాన్ని మగ్గం పక్కన నిలబెట్టి, పూజ చేసి, గొట్టం కొసన బొట్టు పెట్టింది. ఇక అప్పటి నుంచి అదీ మా ఇంటి మనిషే.

ఆ రైఫిల్ మా కోచ్‌ది. ఆర్మీలో చేసి వచ్చినాయన కాబట్టి మేమంతా హవల్దార్ సార్ అనేవాళ్లం. యూనివర్సిటీ పోటీలకు మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపాలి. నేనో, నా సీనియర్ అక్కో. ఆ జట్టు జెర్సీ వేసుకుని మా ఊళ్లో బస్సు దిగాలని నాకు ఎంత పిచ్చి అంటే, ఏ షాపు ముందునుంచి నడిచి ఇంటికి పోవాలో కూడా నిర్ణయించుకుని పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే నా గుండ్లు కిందికి పడటం మొదలుపెట్టాయి. నల్ల చుక్క మీద గురి పెడితే కాగితం అడుగున చిల్లు పడుతోంది.

హవల్దార్ సార్ ముందు నాకే వైద్యం మొదలుపెట్టారు. చాయ్ మాన్పించారు. శ్వాస బిగబట్టడం మళ్లీ మొదటినుంచి నేర్పించారు. పక్కకు పిలిచి, ఎవరినైనా ప్రేమిస్తున్నానా అని మొహమాటంగా అడిగారు. (అంత తీరిక ఎక్కడిది సార్ అన్నాను, ఆయన నమ్మలేదు.) సుబేదారిలో కళ్ల దవాఖానకు పంపిస్తే చూపు భేషుగ్గా ఉందని రాసిచ్చారు. దానికి సారే నాకంటే ఎక్కువ నిరాశపడ్డారు. తర్వాత రైఫిల్ మీద పడ్డారు. స్క్రూలన్నీ బిగించారు, గొట్టం లోపల గుడ్డ పెట్టి తుడిచారు, పెల్లెట్ గుండ్లు మార్చారు. తుడిచిన ప్రతిసారీ ఆ బొట్టు చుట్టూ మాత్రం జాగ్రత్తగా పోనిచ్చి, వేళ్లు కళ్లకద్దుకునేవారు. చివరికి గురిని పైకీ కిందికీ జరిపే వెనక సైటు చక్రం తిప్పితే గుండ్లు మధ్యకు వచ్చేవి. గురువారానికల్లా అంతా బాగుండేది. శుక్రవారం నేను సెలవు పెట్టుకుని రైఫిల్‌తో సహా ఇంట్లో ఉండి, శనివారం వచ్చి పేలిస్తే మళ్లీ కిందికే.

“ఇది తుపాకి గాదు బిడ్డా, నా పెద్దల్లుడు. ఎంత చెప్పినా నెత్తి కిందికే ఏస్తాండు” అని సార్ తల పట్టుకుని కూర్చున్నారు.

ఎంపిక శనివారం రానే వచ్చింది. నేను అన్నం సరిగా తినడం లేదన్న ఫికర్‌తో అమ్మ టిఫిన్ డబ్బాతో సహా నా వెంటే వచ్చింది. సీనియర్ అక్క అప్పటికే చక్కగా కొట్టేసి హాయిగా కూర్చుంది. పోటీకి ముందు సరిచూసుకుందామని నేను పేల్చినవన్నీ ఎప్పటిలాగే అడుగుకు పోయాయి. సార్ తన గోడంతా అమ్మ దగ్గర వెళ్లబోసుకున్నారు. అమ్మ ఓపికగా విని, అసలు దేన్ని చూసి గురి పెడతారని అడిగింది. ఆయన గొట్టం కొసన నిలబడి ఉండే చిన్న పుల్లను చూపించారు. అమ్మ ముఖం మారిపోయింది. ఆ పుల్ల నెత్తిమీద వారం వారం పెట్టిన పసుపు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. ఆ పసుపు కొసనే పుల్ల కొస అనుకుని నేను గొట్టం దించుకుంటూ వస్తున్నాను. సార్ వారమంతా సరిచేయడం, శుక్రవారం అమ్మ ఇంకో పొర వేయడం, ఇదీ మేం ముగ్గురం కలిసి చేస్తున్న పని.

తప్పు దొరికింది గానీ తుడిచేదెవరు? సార్ నావైపు చూశారు, నేను సార్ వైపు చూశాను. దసరా నాడు పెట్టిన బొట్టు కదా అని ఆయన నసిగారు.

“నేను రోజు తానం జేస్తే నా మొఖం మీది బొట్టు పోతలేదా సారూ? మల్ల పెట్టుకుంటలేనా?” అంది అమ్మ. కొంగు తడిపి, గోటితో గీకి, పుల్లను శుభ్రంగా తుడిచేసింది. తన నుదుటి కుంకుమే కాస్త వేలికి తీసుకుని రైఫిల్ చెక్క మీద, ఎవరి చూపుకూ అడ్డం రానిచోట అద్దింది.

తర్వాతి గుండు కాగితం పైనుంచి ఎగిరిపోయింది. తిప్పిన చక్రమంతా సార్ వెనక్కి తిప్పారు. అప్పుడు గుండ్లు నల్ల చుక్క దగ్గరికి వచ్చాయి. దగ్గరికే వచ్చాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. సార్ స్క్రూలు మరోసారి చూశారు, గొట్టం చూశారు, ఆ తర్వాత చాలాసేపు నన్ను చూశారు.

“తుపాకి మంచిగనే ఉన్నది. ఇగ మిగిలింది నువ్వే బిడ్డా” అన్నారు మెల్లగా.

అసలు పోటీలోనూ అంతే. ఆఖరి గుండు మాత్రం ఎలా పడిందో నడిమధ్యన పడింది. జెర్సీ అక్కకు వెళ్లింది, అది న్యాయమే. ఆ న్యాయం తెలిసే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది నాకు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ముక్కు ఎగబీలుస్తుంటే, అమ్మ నా చేతిలోంచి ఆ పోటీ కాగితం లాక్కుని పక్కసీటామెకు చూపించింది. మా బిడ్డ తుపాకితో కొట్టింది, నడిమిట్ల చూడు అంది. ఆమె మెచ్చుకుని, చుట్టూ ఉన్న చిల్లులు ఏమిటని అడిగింది. అమ్మ వాటిమీద నిమ్మళంగా అరచెయ్యి పరిచింది.

“అవా? ఎవరో వేరే పిల్లలు కొట్టిండ్రు.”

అవన్నీ నావేనని ఆమెకు చెప్పడానికి నేను రోషంగా ఇటు తిరిగాను. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పిచ్చిదాన్ని, స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగేదాకా అమ్మతో మాట్లాడలేదు.