గౌరమ్మకు ముందు తీసిన ముద్ద

అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగి మా సందులోకి తిరిగే చోట ఒక పిండివంటల దుకాణం ఉంది. నేను బడి నుంచి తిరిగొచ్చే వేళకు అక్కడ పెద్ద మూకుడులో సకినాలు కాలుతుంటాయి. వాము, నువ్వులు, తడి బియ్యప్పిండి కలిసి నూనెలో వేగే ఆ వాసన పక్కనున్న జిరాక్సు సెంటరు వేడి కాగితం వాసనను, ఎదురుగా ఉన్న ఇడ్లీ బండి ఆవిరిని, రోడ్డు మీది పొగను దాటుకుని వచ్చి నా చున్నీకి పట్టుకుంటుంది. మొన్న ఒక పాకెట్టు కొన్నాను. అంచులు అతికించిన సంచి మీద ఏ పిండో, ఏ నూనో, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో అన్నీ అచ్చువేశారు. ఎవరి చేతులు కలిపాయో, కలపడానికి ముందు ఏం చేశారో మాత్రం లేదు. మా బాపమ్మ ఉంటే మొదట అదే అడిగేది.

మా నాన్నను కన్న తల్లిని మేము బాపమ్మ అనేవాళ్ళం. ఆమెకు అన్నిటి మీదా అనుమానమే. పాలవాడి కొలత మీద, మబ్బు మీద, ఇంటి ముందు కాస్త ఎక్కువసేపు ఆగిన ఆటో మీద, ఊరికే నవ్వే మనుషుల మీద. సిరిసిల్లలో తాత మగ్గం నేసేవాడు. నాన్న నేత వదిలి హైదరాబాదు వచ్చి టైలరయ్యాడు. ముందు గది దుకాణం, వెనక గదులు ఇల్లు. చలికాలం పొద్దున్నే కుట్టుమిషను చప్పుడుకే నిద్రలేచేవాళ్ళం. బాపమ్మ గడప దగ్గర ఎండపొడలో కూర్చుని చీరలకు ఫాల్ కుడుతూ, దారం పళ్ళతో తెంపుతూ, వీధిలో వచ్చేపోయేవాళ్ళను ఒక్కొక్కరినే తూకం వేసేది. మాకు ఆటవస్తువులు కొనాల్సిన పని ఉండేది కాదు. గుడ్డపీలికలు బొమ్మలకు చీరలయ్యేవి, ఖాళీ దారపు రీళ్ళు రైళ్ళయ్యేవి, కోచింగు సెంటర్ల వాళ్ళు పంచిపెట్టే కరపత్రాలు వాన కాలువలో పడవలయ్యేవి. వినాయక చవితికి ఖైరతాబాద్ దాకా నడిచిపోయి, తల వెనక్కి వంచి వంచి ఆ పెద్ద వినాయకుణ్ణి చూసి, మెడనొప్పితో తిరిగొచ్చేవాళ్ళం. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పెసర సత్తు తలా కాస్త అరచేతుల్లో పోసుకుని, నవ్వితే పొడి ఎగిరిపోతుందని నవ్వు ఆపుకుంటూ తినేవాళ్ళం.

ఎదురింటి మేడ మీద ఎస్తేరు వాళ్ళుండేవాళ్ళు. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఎస్తేరు నా తరగతే. నేను బడిలో నోరు విప్పని పిల్లను. అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసినా నేల చూసేదాన్ని. నాతో మాటల్లేకుండా కూర్చోగలిగింది ఎస్తేరు ఒక్కతే. అందుకే ఆమె నాకు స్నేహితురాలు, ఒకే ఒక స్నేహితురాలు. డిసెంబరు రాగానే వాళ్ళ వసారాలో లోపల బల్బు పెట్టిన కాగితపు నక్షత్రం వేలాడేది. పొద్దుగూకితే దాని ఎర్రటి వెలుగు మా వంటింటి గోడ మీద పడేది. బాపమ్మ కిటికీకి పాత చీర కట్టేసేది. ఎందుకు బాపమ్మా అంటే, కండ్లల్ల పడుతున్నది అనేది. వెలుగు పడేది గోడ మీద.

మా బడి పంజగుట్ట వైపు పోయే దారిలో ఒక పాత మేడ. ఆ ఏడు మాకు సాంఘికశాస్త్రం చెప్పడానికి విమల టీచర్ వచ్చింది. ఆమె ఎవరో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరోజు బొట్టు పెట్టుకునేది, ఒకరోజు పెట్టుకునేది కాదు. గాజులుండేవి, మెడలో ఏముందో కొంగు కప్పుకోవడం వల్ల కనిపించేది కాదు. పేరు ఎటైనా పోయే పేరు. అమ్మలు పిల్లలను అడిగేవాళ్ళు, టీచర్ డబ్బాలో ఏం కూర తెచ్చింది, శుక్రవారం ఏం తిన్నది, ప్రార్థనప్పుడు కళ్ళు మూసుకుంటుందా తెరుస్తుందా అని. మేమూ గూఢచారుల్లా చూసేవాళ్ళం. నేనైతే ప్రతి సాయంత్రం డైరీలో ఆమె బొట్టు సంగతి రాసుకునేదాన్ని. ఆ రాతలతో ఏమీ తేలలేదు.

అటువంటి మనిషి ఒకరోజు క్లాసులో, ఇకనుంచి ఒంటిపూట శనివారాల్లో మధ్యాహ్నం ఒకరి ఇంటికి ఒకరు పోవాలని చెప్పింది. మన ఇంటివంటిది కాని ఇల్లు అయి ఉండాలి. అక్కడ ఏదో ఒక పని జరుగుతుంటే కూర్చుని చూడాలి. సోమవారం వచ్చి క్లాసులో చెప్పాలి. దానికి ఆమె పెట్టిన షరతు నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. బాగుంది అని చెప్పకూడదు, మనలాగే ఉన్నారు అని కూడా చెప్పకూడదు. ఏది అర్థం కాలేదో అది చెప్పాలి. శాంతి అంటే అందరూ ఒకటే అనుకోవడం అని మా పుస్తకంలో ఉండేది. ఆమె ఆ వాక్యాన్ని చదివించి, మీకు అట్లా అనిపిస్తోందా అని అడిగి, పేజీ తిప్పేసింది. నాకు జతగా ఎస్తేరును వేసింది.

ఆ కబురు వీధంతా గుప్పుమంది. కిరాణా దుకాణం లక్ష్మక్క కొడుకు మా క్లాసే. ఆమె చేతిలో బియ్యం చాట పట్టుకునే మా గడపలోకి వచ్చి బాపమ్మతో మొదలుపెట్టింది.

"గా టీచరమ్మ ఎవలో ఏందో తెల్వదు. పిల్లలను గిట్ల ఇండ్లెంబడి తిప్పుడు ఎందుకత్తా? రేపు చర్చిల కూసోబెడతది. జర పైలం."

విచిత్రమేమిటంటే ఎదురింట్లోనూ అదే భయం, తిరగేసి. వాళ్ళ చర్చిలో ఎవరో ఎస్తేరు వాళ్ళమ్మ కరుణమ్మతో, ఆ టీచరు మన పిల్లల చేత విగ్రహాలకు దండం పెట్టించడానికే ఈ ఎత్తు వేసిందని అన్నారట. అంతకుముందు బతుకమ్మ పండుగకు నేను తీసుకెళ్ళిన సత్తును ఎస్తేరు వద్దన్నది. వాళ్ళు దేవతకు పెట్టినది తినరు. క్లాసులో పిల్లలు ఆమెను ఏడిపించారు. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు బాపమ్మ దారం తెంపి సూదిని కొంగుకు గుచ్చుకుంది.

తల్లిదండ్రులంతా ఒక మాట మీదికి వచ్చారు. సోమవారం ప్రిన్సిపాల్ దగ్గరకు పోవాలి, టీచరును తీసేయమనాలి. ఆ శనివారమే ఎస్తేరు మా ఇంటికి వచ్చే వంతు. కాబట్టి కళ్ళతో చూసిన సాక్షిగా బాపమ్మ వచ్చి చెప్పాలి. ఎస్తేరును ఇంకో బడిలో వేస్తామని కరుణమ్మ అప్పటికే అన్నదని తెలిసి నాకు అన్నం సహించలేదు. అంతా బాపమ్మ నోట్లోంచి వచ్చే మాట మీద ఉంది. ఆ నోటి నుంచి ఎవరి గురించైనా మంచి మాట వచ్చినట్టు నాకు గుర్తులేదు.

ఆ శనివారం మా ఇంట్లో సకినాలు. చేసేది ఒక్కరి వల్ల కాదు, వాడకట్టు ఆడవాళ్ళంతా కూడుతారు. గచ్చు మీద ఉతికిన తెల్ల బట్ట పరిచి, పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పుతారు. మొదలుపెట్టే ముందు అదే పిండితో చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, బట్ట మూలన కూర్చోబెడతారు. ఆ తర్వాతే ఎవరైనా చేయిపెట్టాలి. అది మా ఇళ్ళలో ఆచారం.

ఎస్తేరు ఒక్కతే రాలేదు, కరుణమ్మ వెంట వచ్చింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బయట విడిచిన చెప్పులు కనబడేట్టు, గడప పక్కనే పీట మీద కూర్చుంది. ఆమె కళ్ళు నేరుగా గౌరమ్మ మీదికి పోయాయి. ఎస్తేరు భుజం పట్టుకుని దగ్గరకు లాక్కుంది. లక్ష్మక్క అది చూసి పక్కావిడను మోచేత్తో పొడిచింది.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. మేము దేవుళ్ళకి పెట్టినవి తినమండి. అమ్మాయికి ఇంటి దగ్గరే అన్నం పెట్టి తీసుకొచ్చాను."

బాపమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కోపమొచ్చి పోయిందనుకున్నాను. ఒక స్టీలు గిన్నె తెచ్చి కరుణమ్మ ముందు పెట్టి మూత తీసింది. లోపల తడిగుడ్డ కింద ఒక పిండి ముద్ద.

"గిది గౌరమ్మకు ముట్టలే. పిండి కలపంగనే ముందుగాల తీసిపెట్టిన. కాల్చనీకి చిన్న మూకుడు సుత వేరే ఉన్నది."

కరుణమ్మ ఆ ముద్దను చేతిలోకి తీసుకుంది. తిప్పి అటు చూసింది, ఇటు చూసింది. కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. పసుపు మరక కోసం వెతుకుతోందని అందరికీ తెలుస్తూనే ఉంది. అమ్మ తల దించుకుంది. నాకు నేలలోకి కూరుకుపోవాలనిపించింది. బాపమ్మ మాత్రం ఆమె చేతులనే చూస్తూ కూర్చుంది.

"చూడమ్మా, మంచిగ చూడు," అన్నది. "నేనైనా గట్లనే చూస్తుంటి."

కరుణమ్మ ముద్దను గిన్నెలో పెట్టింది. కాసేపటికి చేతిసంచిని ఒళ్ళోంచి తీసి గోడకు ఆనించింది. బట్ట అంచుకు జరిగి కూర్చుని, మాకు ఇవి రావండీ, ఎట్లా తిప్పాలి అని అడిగింది. ఆమె తిప్పిన మొదటి చుట్టు మధ్యలో తెగి, రెండో చుట్టు ఒకవైపు ఒరిగింది. బాపమ్మ వంగి చూసింది.

"గది సకినం గాదమ్మా, జిలేబి."

అందరూ నవ్వారు. కరుణమ్మ కూడా నవ్వింది. చిన్న మూకుడులో కాలిన ఆ వంకర సకినాలను ఎస్తేరు కరకరలాడిస్తూ తిన్నది. ఇందాక పెట్టిన అన్నం ఏమైందని వాళ్ళమ్మ అడిగితే, అది ఇంటి దగ్గరి ఆకలి అన్నది.

సోమవారం నేను బాపమ్మ చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ గది వాకిట్లో నిలబడ్డాను. లోపల గోడకు ఆనుకుని విమల టీచర్ నిలబడి ఉంది. ఆ రోజు బొట్టు లేదు. లక్ష్మక్క మొహం మీదే అడిగేసింది, మేడం, ఇంతకు మీరు ఎవలు అని. నా ఇంటి శనివారం వచ్చినప్పుడు పిల్లలే వచ్చి చూస్తారండీ అన్నది టీచర్. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. అందరూ బాపమ్మ వైపు తిరిగారు. ఏం జరిగిందో చెప్పత్తా అన్నది లక్ష్మక్క.

"ఏం జరుగుతది? సకినాలు జరిగినయ్," అని బాపమ్మ ప్రిన్సిపాల్ వైపు చూసింది. "నాకు గీ టీచరమ్మ మీద అనుమానం పోలే సారూ. పోతదో పోదో తెల్వదు. కాని నేను సగమే చూసిన. ఆళ్ళు మా ఇంటికొచ్చిండ్రు. మేం ఇంక ఆళ్ళింటికి పోలే. పోకుండ ఎట్ల చెప్తం?"

ప్రిన్సిపాల్‌కు ఆ మాట వరమైంది. సరే, పోయి చూసి వచ్చే చెప్పండి అన్నాడు. అప్పుడు వెనక నుంచి ఇంకొకాయన, మా పిల్లాడి వంతు కూడా ఇంకా రాలేదు అన్నాడు. లక్ష్మక్క కూడా ఊరుకుంది. తన కొడుకు పోవాల్సిన ఇల్లు ఎట్లా ఉంటుందో ఆమెకూ చూడాలనే ఉంది. అట్లా ఎవరికి వారు తమ అనుమానం పూర్తిగా తీర్చుకోవాలనుకోవడం వల్ల శనివారాలు సాగిపోయాయి. టీచరును తీసేయాలన్న మాట రేపటికి, ఎల్లుండికి జరిగి జరిగి పరీక్షల్లో కలిసిపోయింది. ఎస్తేరు నా పక్కనే ఉండిపోయింది.

ఆ సోమవారమే క్లాసులో ఎస్తేరు లేచి, పిండితో దేవతను చేసి తర్వాత ఆమెను ఏం చేస్తారో అర్థం కాలేదు అన్నది. టీచర్ నా వైపు చూసింది. నేను నేల చూడబోయి, తులసి కుండీలో పెట్టాం అన్నాను. బడిలో ఎవరూ బలవంతం చేయకుండా నేను పైకి అన్న మొదటి మాట అదే కావచ్చు.

మరుసటి శనివారం బాపమ్మ నా వెంట ఎదురింటి మేడ మెట్లెక్కింది. కరుణమ్మ గులాబీ పువ్వులు వండింది, ఇనుప అచ్చును పిండిలో ముంచి నూనెలో విదిలిస్తే పువ్వులా విడిపోయేవి. ప్రార్థన చేయకముందే కొన్ని వేరే పళ్ళెంలో తీసి మూతపెట్టానని చెప్పి బాపమ్మ ముందుంచింది. బాపమ్మ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కరుణమ్మ నవ్వు ఆపుకుంటూ, చూడండి పిన్నిగారూ, బాగా చూడండి అన్నది. బాపమ్మ తినలేదు. ఆకలి లేదని కొంగున ముడేసుకుంది. ఇంటికొచ్చాక ఆ ముడి ఎప్పుడు విప్పిందో, తిన్నదో, కాకికి వేసిందో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం నక్షత్రం వెలుగుకు అడ్డంగా కిటికీకి చీర కట్టలేదు. అడిగితే, చీర ఉతకనీకి ఏసిన అన్నది.

విమల టీచర్ ఇంటి శనివారం రానేలేదు. ఏడాది చివర ఆమె వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆమె ఎవరో మా వీధికి ఇప్పటికీ తెలియదు. ఎస్తేరు వాళ్ళు యూసుఫ్‌గూడ వైపు మారిపోయారు, ఆ మేడ ఇప్పుడు అబ్బాయిల హాస్టల్. బాపమ్మ పోయాక మా ఇంట్లో తెల్లబట్ట పరిచినవాళ్ళు లేరు. సకినాలు పాకెట్లలో వస్తున్నాయి, ఎవరు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, తిప్పి చూసేవాళ్ళు లేరు. ఎవరి కోసమూ ముందుగా ముద్ద తీసి దాచేవాళ్ళు కూడా లేరు.

నేనిప్పుడు పంజగుట్టలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఈ నెల మాకు ఒక పెట్టె వచ్చింది, పిల్లలకు శాంతిని, ఇతరుల పట్ల సహానుభూతిని నేర్పడానికి. తెరిస్తే రంగురంగుల బొమ్మలు, భూగోళం చుట్టూ చేతులు పట్టుకుని నవ్వుతున్న పిల్లలు, కింద మనమంతా ఒక్కటే అన్న అక్షరాలు. ఎవరికీ ఎవరి మీదా అనుమానం లేని ఆ నవ్వులను నేను నమ్మలేకపోయాను. పెట్టె మూసి, రేపు శనివారం క్లాసులో సకినాలు చుడదామని పిల్లలకు చెప్పాను. సాయంత్రం గేటు దగ్గర ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, ఏమీ అనుకోకండి మిస్, ఇంతకీ మీరు ఎవరు అని అడిగింది. రేపు మీరూ రండి, చూద్దురు అన్నాను. ఆమె మొహంలో అనుమానం ఇంకాస్త పెరిగింది. వస్తుందనే అనుకుంటున్నాను.

ఇంటికొచ్చి పిండి కలిపాను. అమ్మ పసుపు కుంకుమ తెచ్చి పక్కన పెట్టి, గౌరమ్మను చెయ్యి బిడ్డా అన్నది. ఆగమని, ముందు ఒక ముద్ద తీసి గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పాను. ఎవరికే అని అమ్మ అడిగింది. ఎవరికో నాకింకా తెలియదు.